కోపం వస్తే ఏమని పిలవాలి?

పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్లుండగా, ఒక జూన్ నెలలో నన్ను కాకినాడ నుంచి అమలాపురంలోని ఒక డిగ్రీ కళాశాలకు బదిలీ చేశారు. హోదా ఫ్రెంచి లెక్చరరు. ఆ శాఖకు అధిపతినీ నేనే, సిబ్బందినీ నేనే. డిగ్రీ మొదటి రెండేళ్లలో ఇంగ్లీషు కాక మరో భాష చదవాలి. దాన్ని సెకండ్ లాంగ్వేజ్ అంటారు. కొబ్బరి తోటల మధ్య ఫ్రెంచి ఏమిటని బయటివాళ్లు ఆశ్చర్యపోయేవారు గాని, గౌతమి దాటితే ఒకప్పటి ఫ్రెంచి యానామే కదా. అయితే మా పిల్లలు అది తీసుకున్నది చరిత్ర మీద ప్రేమతో కాదు, మార్కులు బాగా పడతాయని.

నేను క్లాసులోకి రాగానే అందరూ లేచి "బోంజూర్ అండీ" అనేవారు. ఫ్రెంచిలో 'అండీ' ఉండదు, 'మస్యూ' అనాలని చెబితే, "ఆయ్, మస్యూ గారండీ" అన్నారు. ఆ పైన నేను పట్టుపట్టలేదు.

రెండో ఏడాది ఆఖర్లో వైవా ఉంటుంది. విశ్వవిద్యాలయం పంపిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు ప్రశ్నలడుగుతారు. పాఠం చెప్పిన మాస్టారు పక్కనే కూర్చోవాలి గాని నోరు మెదపకూడదు. నేను వచ్చిన రెండో ఏడు ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, ఫ్రెంచిలో చేరేవాళ్లు తగ్గిపోతున్నారని, ఉంచాలో తీసెయ్యాలో ఎగ్జామినరు నివేదిక చూసి తేలుస్తామని మర్యాదగానే చెప్పారు.

వచ్చినావిడ విశాఖ నుంచి వచ్చిన ప్రొఫెసరు. నవ్వు ముఖం కాదు. నా నోట్సు బట్టీ పట్టిన జవాబు వినగానే చెయ్యెత్తి ఆపేసేవారు. మధ్యాహ్నానికి నాకు ఆశ సన్నగిల్లింది.

భోజనాలయ్యాక ఎస్తేరు రాణి వచ్చింది. రాజోలు పిల్ల, వాళ్లమ్మగారు బడిపంతులమ్మ. క్లాసు మొత్తంలో ఫ్రెంచి సాహిత్యం పైచదువుగా చదువుతానన్నది ఆ అమ్మాయి ఒక్కతే. ప్రొఫెసరు గారు ఒక సంభాషణ ఇచ్చి తెలుగు చెయ్యమన్నారు. రైల్వే ప్లాట్‌ఫారం మీద ఓ భార్యాభర్తలు. ఫ్రెంచిలో దగ్గరివాళ్లను 'తు' అంటారు, అంటే నువ్వు. కొత్తవాళ్లను, పెద్దలను 'వూ' అంటారు, అంటే మీరు. ఆ భార్య మొదట్నుంచీ భర్తను 'తు' అంటూ, చివర ఒళ్లు మండి 'వూ' అంటుంది.

ఎస్తేరు దాన్ని సరిగ్గా తిరగేసింది. భార్య చేత "మీరు టిక్కెట్టు తెచ్చేరా?" అనిపించి, చివర "నువ్వు వెళ్లిపో" అనిపించింది.

"ఉన్నదానికి పూర్తిగా తలకిందులుగా చేశావు. ఎందుకు? ఫ్రెంచిలో చెప్పు," అన్నారు ప్రొఫెసరు గారు.

నేను బల్ల కింద చేతులు నలుపుకుంటున్నాను. ఎస్తేరు వచ్చీరాని వాక్యాల్లో మొదలెట్టింది. క్రియలు తప్పాయి, లింగాలు తారుమారయ్యాయి. కాని మాట మాత్రం తనదే. మా వైపు పెళ్లాం మొగుణ్ని ప్రేమగా ఉన్నప్పుడే మీరు అంటుందని, కోపమొస్తే ఆ మర్యాద తీసేస్తుందని, ఫ్రాన్సులో కోపమొస్తే మర్యాద పెరుగుతుందని, అందుకే మాట మార్చి కోపాన్ని ఉంచానని చెప్పింది.

ప్రొఫెసరు గారు కళ్లజోడు తీశారు. "మీ అమ్మగారు నాన్నగారి మీద కోపమొస్తే నువ్వు అంటారా?" అని తెలుగులోనే అడిగారు.

ఎస్తేరు నిజం చెప్పాలా వద్దా అన్నట్టు నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను.

"లేదండి," అంది చివరికి. "'తమరు దయచేయండి, మహానుభావులు' అంటారండి. అప్పుడు మా నాన్నగారు ఇంక మాట్లాడకుండా చొక్కా వేసుకుని సెంటర్లోకి వెళ్లిపోతారండి."

ప్రొఫెసరు గారు పకపకా నవ్వేశారు. "మరి ప్లాట్‌ఫారం మీద ఆవిడ ఏమనాలి?"

ఎస్తేరు ముఖం వెలిగిపోయింది. "తమరు దయచేయండి అనాలండీ!" అని తెలుగులో అనేసి, నాలుక కరుచుకుని, అదే సంగతి మళ్లీ ఫ్రెంచిలో వివరించింది. ఈసారి తడబాటు తక్కువ. ఆ తరవాత ఇద్దరూ మొగుళ్లను పిలిచే తీరు మీద చాలాసేపు వాదించుకున్నారు. బయట వరండాలో తమ వంతు కోసం చూస్తున్న పిల్లలు ఏం జరుగుతోందోనని కిటికీలోంచి తొంగి చూశారు.

వెళ్లేముందు ప్రొఫెసరు గారు నాతో, అనువాదానికి ఒక మార్కు తగ్గించానని, మాట్లాడినదానికి మాత్రం తగ్గించడానికేమీ దొరకలేదని అన్నారు. నివేదికలో శాఖను ఉంచమనే రాశారు. ఉంచారు కూడా. డిగ్రీ అయ్యాక ఎస్తేరు హైదరాబాదులో ఎం.ఎ. ఫ్రెంచి సీటు తెచ్చుకుంది.

ఆ వైవా తరవాత వచ్చిన జూన్ నుంచి నేను నోట్సు చెప్పి రాయించడం మానేశాను. పాఠంలోని సంభాషణ ఏదైనా సరే, ముందు మీ ఇంట్లో ఎలా అంటారో చెప్పమనేవాణ్ని, తరవాత ఫ్రెంచివాళ్లు ఎందుకు అలా అనరో వెతికేవాళ్లం. క్లాసులో గోల పెరిగింది, పక్కగది లెక్కల మాస్టారు రెండుసార్లు ఫిర్యాదు చేశారు. ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదే. పరాయి భాషలో మాట పెగలాలంటే వ్యాకరణం కన్నా ముందు చెప్పుకోవడానికి సొంత సంగతి ఒకటి ఉండాలి. తప్పులు దిద్దడం ఆ తరవాతి పని.