ఒకే బోల్టు ఫోటోలు

ఇంజనీరింగ్ చదివి కర్నూలుకు తిరిగొచ్చిన నన్ను మొదటిసారి సైటుకు తీసుకెళ్లింది మా అక్క మొగుడు. పునాది ముగ్గు ఎలా వేయాలో, మేస్త్రీతో ఎలా మాట్లాడాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అందుకే రిటైరైన ఒక టీచరమ్మ ఓర్వకల్లు రాళ్లగుట్ట మీద రెండంతస్తుల చెక్క ఇల్లు కట్టించమన్నప్పుడు, డిజైన్ నేను చేసి పని బావకు అప్పగించాను.

గోడలు బెంగళూరు ఫ్యాక్టరీలో తయారై లారీలో వచ్చాయి. చెక్క చట్రానికి ప్లైవుడ్ దగ్గర దగ్గరగా మేకులతో బిగించిన గోడలవి. గాలి పక్క నుంచి తోస్తే ఇల్లు ఒరగకుండా ఆపేది అవే. అయితే గాలి తోసినప్పుడు గోడ ఒక కొస పైకి లేవాలని చూస్తుంది. అందుకే ప్రతి గోడకూ రెండు కొసల్లోనూ ఇనుప పట్టీ పెట్టి, రాతిలోకి బోల్టు దించాలి. ఆ మాట బావకు పదిసార్లు చెప్పాను.

అప్పుడు నేను కడపలో ఇంకో పనిలో ఉన్నాను. బావ రోజూ బోల్టుల ఫోటోలు పంపేవాడు. ఆ ఫోటోలు మాత్రమే చూసి, పని పూర్తయిందని సంతకం పెట్టాను.

మే నెలలో ఒక సాయంత్రం టీచరమ్మ ఫోన్ చేసింది.

"గాలి లేస్తే పైగది ఊగుతాండాది నాయనా. తలుపు మూసుకోవడం ల్యా."

మర్నాడు పొద్దున్నే, ఆ ఇంటికి పనిచేసిన వడ్రంగిని వెంటబెట్టుకుని వెళ్లి, కింది గోడకు లోపలివైపు కప్పిన పలక విప్పించాను. పట్టీ ఉంది. దాని రంధ్రం ఖాళీగా ఉంది. రెండో గోడా అంతే. నాలుగో గోడ దగ్గర ఒక బోల్టు కనబడింది, దాని పక్కనే చెక్కలో నల్లటి ముడి. ఫోన్ తీసి పాత ఫోటోలు చూశాను. అన్నింట్లోనూ అదే ముడి.

వడ్రంగి తల దించుకున్నాడు. "రాయి శానా గట్టిది సార్. మిషన్ దిగలేదు. పని ఆపొద్దని ఆయప్పే చెప్పినాడు."

కబురు తెలిసి మధ్యాహ్నానికి బావ వచ్చాడు.

"ఏమప్పా, నాకు చెప్పకుండానే ఇప్పినావే?"

"బోల్టులు యాడ బావా?"

"ఇంత బరువు ఇల్లు లేసి పోతాదా? రాతి మింద కూచోని ఉండాది."

"మరి ఆ ఫోటోలు?"

"ఫోటో లేకుంటే సంతకం పెట్టనంటివి. పంపించినా."

మేస్త్రీని కేకలేసే గొంతుతో కాదు, పిల్లాడికి సర్దిచెప్పే గొంతుతో అన్నాడు.

"నీకు తెలుసునా నాయనా?" అని టీచరమ్మ అడిగింది.

"తెలీదమ్మా. చూడకుండా సంతకం పెట్టినా."

వేరే మిషన్ తెప్పించి మూడు వారాలు రాయి తొలిపించాను. ప్రతి బోల్టూ నా చేత్తోనే బిగించి చూసుకున్నాను. బావ ఆ వైపు రాలేదు. అక్క ఒక్కసారే ఫోన్ చేసింది. "పనోళ్ల ముందర ఆయన పరువు తీసినావు," అని పెట్టేసింది.

ఆ చెక్క ఇల్లు ఇప్పుడు గట్టిగా ఉంది, ఎంత గాలి వచ్చినా తలుపులు సరిగ్గా మూసుకుంటున్నాయి. కానీ అంతకుముందు ఆయన ఫోటోలు నమ్మి నేను సంతకం పెట్టిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. అవన్నీ సిమెంటువి, విప్పి చూడ్డానికి లేదు. ఆదివారాలు ఏదో ఒక ఇంటికి వెళ్లి, పగుళ్లేమైనా వచ్చాయా అని అడిగి, వాళ్లిచ్చిన టీ తాగి వస్తున్నాను.