గేటు దగ్గర ఆగిన నోటీసు

కరోనా తగ్గి హైటెక్ సిటీ ఆఫీసులు మళ్ళీ తెరుచుకున్న ఏడాది జూన్‌లో నన్ను ఆ ప్రాంతానికి రక్షణాధికారిగా వేశారు. మహిళా శిశు సంక్షేమ శాఖలో అప్పటికి నాది ముప్పై ఏళ్ళ సర్వీసు. రక్షణాధికారి అనగానే వెనక పోలీసులు నడుస్తారని చాలామంది అనుకుంటారు. నాకున్నవి ఒక ఫారం, ఒక రబ్బరు స్టాంపు. గృహహింస చట్టం కింద ఎవరైనా స్త్రీ మా దగ్గరికి వస్తే, జరిగింది రాసుకుని మేజిస్ట్రేటుకు నివేదిక పంపాలి. కోర్టు ఇచ్చే నోటీసు రెండు రోజుల్లో భర్తకు అందేలా చూడాలి. ఆ రెండు రోజుల గడువు రాసినవాళ్ళు నార్సింగిలో ఒక్క గేటెడ్ కమ్యూనిటీకైనా వెళ్ళి ఉండరు.

జులైలో మాధవి వచ్చింది. కాకినాడ వైపు మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మోచేతికి కట్టు. భర్త కొట్టి బయటికి నెట్టి, తలుపు తాళం నంబరు మార్చేశాడు. నాలుగేళ్ళ కూతురు లోపలే ఉండిపోయింది. తను కొత్తగూడలో స్నేహితురాలి గదిలో తలదాచుకుంది.

"నాకింకేం వద్దండి. ముందు పాపను ఇప్పించండి" అంది.

బిడ్డను తాత్కాలికంగా తల్లికి అప్పగించే అధికారం ఆ చట్టమే మేజిస్ట్రేటుకు ఇచ్చింది. అయితే భర్తకు నోటీసు అందాకే వింటామన్నారు. నేను మాధవికి గట్టిగా చెప్పాను: ఆ ఇంటితో ఏ సంబంధమూ పెట్టుకోవద్దు, ఫోన్లూ మెసేజీలూ వద్దు, అంతా మేం చూసుకుంటాం అని. వచ్చిన ప్రతి మనిషికీ నేను చెప్పే మాటే అది.

నోటీసు పట్టుకుని మా ఆఫీసు అటెండరు యాదయ్య వెళ్ళాడు. గేటు దగ్గర గార్డు ఫ్లాటు నంబరు, వచ్చిన పని యాప్‌లో కొట్టాడు. ఇంట్లోవాళ్ళు ఫోన్‌లో సరేనంటేనే లోపలికి పంపుతారు. అంటే, నోటీసు ఎవరి మీద ఉందో ఆ పెద్దమనిషే దాన్ని లోపలికి పిలవాలి! ఆయన వద్దని నొక్కాడు.

"ఏంది మేడం ఇది? దొంగనడిగి దొంగను పట్టాల్నట" అన్నాడు యాదయ్య, వచ్చి కుర్చీలో కూలబడి.

కాగితం వాపసు వెళ్ళింది, రెండు వారాల వాయిదా పడింది. కానిస్టేబుల్‌ను తోడివ్వమని స్టేషన్‌కు రాస్తే, ఏదో సదస్సు బందోబస్తులో ఉన్నామన్నారు. అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శికి రాస్తే, కమిటీ మీటింగులో పెడతామని ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు. యాదయ్య రెండోసారి వెళ్ళాడు. మళ్ళీ వద్దన్నాడు ఆ భర్త. ఇంకో వాయిదా.

మూడోసారి నేనే వెళ్ళాను. గుర్తింపు కార్డు చూపించాను, చట్టం పేరు చెప్పాను, చివరికి అరిచాను. నా కళ్ళముందే బిర్యానీ డబ్బాల బండ్లు మూడు లోపలికి పోయాయి. గార్డు చేతులు జోడించాడు.

"జర అర్థం చేసుకోండ్రి మేడం. ఓకే రాకుండ ఇడిస్తే నా నౌకరీ పోతది."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. పోనీ గేటుకు అంటించి వద్దామంటే అది చెల్లదు, ఇంటి తలుపుకే అంటించాలి. మూడో వాయిదా కూడా పడింది.

మర్నాడు మాధవి ఆఫీసుకు వస్తే నా విసుగంతా వెళ్ళగక్కాను. గార్డును తిట్టాను, సంఘాన్ని తిట్టాను, పోలీసులను తిట్టాను. ఆమె ఓపిగ్గా విని అడిగింది:

"నిన్న మీరు వెళ్ళింది పదకొండుంబావుకి కదండీ?"

ఎలా తెలుసన్నాను. ఫోన్ తీసి చూపించింది. ఆ ఫ్లాటు కింద యాప్‌లో ఆమె నంబరూ ఉంది. భర్త తలుపు తాళం మార్చాడు గానీ, యాప్‌లోంచి ఆమెను తీసెయ్యడం మరిచాడు. గార్డు కొట్టిన ప్రతిసారీ ఇద్దరి ఫోన్లూ మోగాయి. ముందు ఎవరు నొక్కితే వారిదే మాట.

"మూడుసార్లూ చూశానండి. ఆ ఇంటి జోలికి పోవద్దన్నారు కదా, అందుకే ముట్టుకోలేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

అప్పటికప్పుడు కోర్టుకు వెళ్ళి కొత్త నోటీసు తెచ్చాం. యాదయ్య గేటు దగ్గరికి వెళ్ళేసరికి మాధవి నా ఎదుటి కుర్చీలో ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంది. మోగీ మోగగానే నొక్కింది. పది నిమిషాల్లో యాదయ్య ఫోన్ చేశాడు. ఫోన్ చూసుకోకుండా, సామాన్లొచ్చాయనుకుని ఆ భర్త తలుపు తీశాడట. మొహం మాడ్చుకుని సంతకం పెట్టాడట.

తరువాతి వాయిదాలో పాపను తల్లికి అప్పగించమని ఉత్తర్వు వచ్చింది. తీసుకురావడానికి నేనూ వెళ్ళాను. పాప తల్లి దగ్గరికి వెంటనే రాలేదు. నా చీర కొంగు చాటున నిలబడి కాసేపు ఆమెను చూసింది. ఇన్ని రోజులు ఎక్కడికెళ్ళావని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబులో నా వాటా ఉంది. నోటీసు అందించడం ప్రభుత్వం పని. అది మాధవి వేలితో జరిగితే, రిజిస్టరులో మాత్రం "రక్షణాధికారి ద్వారా అందజేయబడినది" అని రాసి నేను సంతకం పెట్టాను. భర్త చేసినదానికి కోర్టు ఉంది. నా వల్ల పోయిన ఆరు వారాలకు మెమో అయినా రాలేదు.

ఆ తరువాత రిటైరయ్యేదాకా, ఎవరు వచ్చినా ఫారం తీసేముందు ఆ ఇంటి గురించి నాకు తెలియనిది ఏముందో చెప్పమని అడిగాను. అంతా మేం చూసుకుంటాం అనడం మానేశాను.