వికారాబాద్‌లో కొన్న పెద్ద టీవీ

తాండూరులో అర్జీలు టైపు చేసి బతుకుతాను. రెండేళ్లుగా చూపు తగ్గుతోంది. కళ్లద్దాలతో లాభం లేదని డాక్టరు అన్నాక ఒక్క ఆశే మిగిలింది. పెద్ద టీవీ కొని కంప్యూటరుకు తగిలించుకుంటే అక్షరాలు పెద్దగా కనిపిస్తాయి కదా!

వికారాబాద్‌లో ఒక షాపులో ఉన్నవాటిలోకెల్లా పెద్ద టీవీ కొని, పెట్టెను మోకాళ్లకు ఆనించుకుని రైల్లో కూర్చున్నాను. పక్కన గొంగడి వేసుకున్న ఒక ముసలి గొర్రెలకాపరి.

"గింత పెద్ద టీవీ ఎందుకు బిడ్డా?" అన్నాడు.

ఎందుకో ఆయనకు అంతా చెప్పేశాను, ఈ పని పోతే నాకు ఇంకో పని రాదని కూడా.

అంతా విని, "కనబడ్తున్నదా?" అన్నాడు.

"ఏంది పెద్దయ్యా?"

"నీ చెవి పక్కన చెయ్యి ఊపుతున్న. సంతల గొర్రెను కొనేముందు గిట్లనే చూస్తం. పక్కచూపుంటే బెదురుతది. నువ్వు రెప్ప గూడ ఎయ్యలే."

చెయ్యి మెల్లగా నా ముక్కు ముందుకు తెచ్చాడు. అప్పుడు కనిపించింది.

"నీకు నడుమ ఇంతే కనబడ్తున్నది. తెర పెద్దగైతే అంచులు ఇంకా దూరం పోతయి. చిన్నదే కొనేదుండె బిడ్డా."

"కంప్యూటర్ల సంగతి నీకేం తెలుసు?" అని కసిరాను. తాండూరులో పెట్టె దించిపెట్టింది ఆయనే.

ఇంట్లో టీవీ తగిలించి ఒక అర్జీ తెరిచాను. అక్షరాలు పెద్దవే. వాక్యం చివరికి మెడ తిప్పేసరికి మొదలు మాయమవుతోంది.

కుడిచెయ్యి చెవి పక్కకు ఎత్తి, ఆయనలాగే ఊపాను. చెయ్యి ఊగుతోందని భుజానికి తెలుస్తోంది. కంటికి తెలియడం లేదు.