ఎస్తేరు మేడమ్ ఎందుకు విన్నారంటే

ఇవాళ మధ్యాహ్నం మా వీధిలోకి నీళ్ల ట్యాంకర్ వెనక్కి వస్తూ కీచుమని అరిచింది. కాసేపటికి సెల్లార్‌లో మోటారు ఒకసారి మూలిగి అందుకుంది. ఎండాకాలం వచ్చిందంటే ప్రగతి నగర్‌లో రోజూ వినిపించే చప్పుళ్లే ఇవి. అయినా ఆ మోటారు అందుకున్నప్పుడల్లా నా వేళ్లు కీబోర్డు మీద ఆగిపోతాయి, కళ్లు తెర మూలనున్న ఇంటర్నెట్ గుర్తు వైపు పోతాయి. వెంటనే ఎస్తేరు మేడమ్ గొంతు గుర్తొస్తుంది: "మీకేమనిపించిందో తర్వాతండి. ముందు ఏం వినిపించిందో చెప్పండి."

ఎస్తేరు రాణి గారు హైటెక్ సిటీలోని మా పాత ఆఫీసులో నాకు పైఅధికారి. ఒంగోలు వైపు మనిషి. ఆమెతో పనిచేసిన వాళ్లను అడిగితే చాలామంది ఒకే మాట చెబుతారు: ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఫోన్ చేసి, నిజంగా ఇంట్లో ఉన్నారో లేదో చప్పుళ్లను బట్టి కనిపెట్టేదని. ఆ మాట పుట్టించింది నేను. అది అబద్ధమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆఫీసులన్నీ ఇళ్లలోకి వచ్చి పడిన రోజులవి. పడకగదిలో బీరువా పక్కన నా కంప్యూటర్. విదేశంలోని కస్టమర్‌తో మాట్లాడుతుండగా ఇంటర్నెట్ పోయేది. ఒకరోజు పొద్దున, ఒకరోజు సాయంత్రం, ఒక్కోరోజు అసలు పోయేదే కాదు. ఒక ఆదివారం విసిగిపోయి కేబుల్ మార్చాను, కొత్త రూటర్ పెట్టాను, కంప్యూటర్‌లో అన్నీ తుడిచేసి మళ్లీ ఎక్కించాను. సోమవారం మళ్లీ పోయింది. కస్టమర్ ఫిర్యాదు చేశాడు. నన్ను ప్రాజెక్టు నుంచి తీసేస్తారన్న పుకారు నా దాకా వచ్చింది. నలభై దాటినవాణ్ని ఒకచోట వద్దంటే ఇంకోచోట రమ్మనడం ఎంత అరుదో మా రంగంలో అందరికీ తెలుసు.

అప్పుడు మేడమ్ ఫోన్ చేశారు.

"నాకు ఇన్వర్టర్ ఉంది మేడమ్. నెట్ పోయినప్పుడు కూడా రూటర్ వెలుగుతూనే ఉంటుంది. కరెంటు సమస్య కానే కాదు," అన్నాను.

"కానే కాదన్నది పక్కన పెట్టండి. ఇప్పటిదాకా ఏమేం మార్చారు?"

చెప్పాను. ఆమె నవ్వారు. "మా చర్చి కోయిర్‌లో ఎవరో ఒకరు శ్రుతి తప్పుతుంటారండి. ఒక్కొక్కర్నీ ఆపి విని చూస్తాం. మీరు కోయిర్ మొత్తాన్నీ మార్చేశారు కదండీ!"

ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టారు. నెట్ పోగానే నేను ఆమెకు ఫోన్ చేయాలి, ఫోన్‌ను కిటికీలో పెట్టాలి, మాట్లాడకూడదు. మా కుక్కర్ కూత, పక్కింటి టీవీ, మా ఆవిడ పనమ్మాయితో పడే గొడవ, అన్నీ ఆమె వినేవారు. నాకు ఒళ్లు మండింది. మేడమ్ లేని మా వాట్సాప్ గ్రూపులో రాశాను: "మేడమ్ మన ఇళ్లలో చెవులు పెడుతోంది. జాగ్రత్త." నవ్వు బొమ్మలు వరదలా వచ్చాయి. సాయంత్రానికల్లా ఆమె పేరు 'మైకు మేడమ్' అయిపోయింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే, కిటికీలోని ఫోన్‌లోంచి ఆమె గొంతు వచ్చింది. "కింద ఏదో మూలుగుతోందండి. మొన్న పోయినప్పుడూ ఇదే ఉంది."

"నీళ్ల మోటారు మేడమ్. దానికీ నెట్‌కీ ఏం సంబంధం?"

"నాకూ తెలీదండి. వెళ్లి చూడండి. ఏదీ ముట్టుకోకండి."

ఫోన్ పట్టుకునే కిందికి దిగాను. సెల్లార్‌లో వాచ్‌మన్ యాదయ్య మోటారు పక్కన బీడీ కాలుస్తున్నాడు. గోడకు బిగించిన కేబుల్ వాళ్ల డబ్బా ఒక్క దీపం కూడా లేకుండా ఉంది. మా అపార్ట్‌మెంట్ అంతటికీ నెట్ దాని నుంచే వస్తుంది. దాని ప్లగ్గు కింద వేలాడుతోంది.

"ఇది ఎవరు పీకారు యాదయ్యా?"

"నేనే సార్. పెద్ద మోటర్ కాలిపాయె కద, గీ చిన్నదానికి ప్లగ్గు ఈడ ఒక్కటే ఉన్నది. ట్యాంకర్ రాంగనే గా డబ్బది తీస్త, నీళ్లెక్కినంక మల్ల పెడ్త. టీవీ డబ్బనే కద, పగటిపూట ఎవలు చూస్తరు?"

ఫోన్‌లో మేడమ్ పగలబడి నవ్వుతున్నారు. "ఆయన్నేమీ అనకండి, పాపం అందరికీ నీళ్లు ఎక్కిస్తున్నాడు. ఇంకో ప్లగ్గు పెట్టించండి చాలు."

పెట్టించాను. నెట్ మళ్లీ పోలేదు. నా ఉద్యోగమూ పోలేదు.

నేను ఆ మెసేజ్ పెట్టిన వారంలోనే, తీసేయడానికి నా పేరు ఇమ్మని పైవాళ్లు ఆమెను గట్టిగా అడిగారని చాలాకాలం తర్వాత, ఆ సమావేశంలో ఉన్న ఒక మిత్రుడు చెప్పాడు. "తప్పు మనిషిదో లైనుదో తేలకుండా పేరు ఇవ్వనండి. మనిషిదని తేలితే నేనే ఇస్తాను," అన్నారట ఆమె. నా మీద జాలితో అన్న మాట కాదది. తెలియకముందే తీర్పు చెప్పడం ఆమెకు చేతకాదు, అంతే. ఎదురుగా పైవాళ్లున్నా చేతకాలేదు. అలాంటి మనిషిని నేను ఆమె తర్వాత చూడలేదు.

ఆమె ఆ సంస్థ వదిలి వెళ్లే రోజు ఎవరో బొమ్మ మైకు బహుమతిగా ఇచ్చారు. హాలంతా నవ్వింది. ఆమె దాన్ని నోటి దగ్గర పెట్టుకుని "హలో, హలో, వినిపిస్తోందాండీ?" అన్నారు. నేను లేచి నిజం చెప్పాల్సింది. చప్పట్లు కొట్టాను.

ఆ రాత్రంతా అది నన్ను తొలిచేసింది. మర్నాడు ఫోన్ చేసి, ఆ మెసేజ్ రాసింది నేనేనని చెప్పాను.

"తెలుసండి. మీరు రాసిన సాయంత్రమే ఎవరో చూపించారు."

అంటే అది చూశాక కూడా మళ్లీ నా కిటికీ దగ్గర చెవి పెట్టారన్నమాట. ఆ సమావేశంలో నా పేరు ఇవ్వననడమూ అది చూశాకే. "మరి ఎందుకు మేడమ్..." అన్నాను.

"దానికీ మీ నెట్‌కీ ఏం సంబంధమండి?"

ఇప్పుడు నేను నానక్‌రామ్‌గూడలోని వేరే ఆఫీసులో ఒక చిన్న బృందాన్ని చూసుకుంటున్నాను. మొన్న ఇంటి నుంచి పనిచేస్తున్న స్రవంతి అనే అమ్మాయికి మీటింగ్ మధ్యలో నెట్ పోయింది. ఫోన్ చేసింది. "ఫోన్ కిటికీలో పెట్టమ్మా, కాసేపు మాట్లాడకు," అన్నాను.

అటువైపు చిన్నబోయిన గొంతు. "నేను ఇంట్లనే ఉన్న సార్. నమ్ముతలేరా?"

అప్పట్లో మేడమ్‌ను నేను అడగాల్సిన ప్రశ్నే అది. అడగకుండా, వెనకాల మెసేజ్ పెట్టాను.

"నమ్ముతున్నాను. నేను వినేది నిన్ను కాదు," అని, ఎస్తేరు మేడమ్ గురించి మొత్తం చెప్పాను, నేను రాసిన మెసేజ్‌తో సహా. అంతా విని ఆ అమ్మాయి ఫోన్ కిటికీలో పెట్టింది. ఏదో ఆటో, పావురాలు, దూరంగా ఎక్కడో గోడకు డ్రిల్లింగ్. కారణం ఏమిటో నాకింకా తెలియదు. వింటూ కూర్చున్నాను.