బర్రెను గేదె అన్న మనిషి

మా ఇంటిని ముంచాలంటే మూసీకి పెద్ద వరద రావాలె అనుకుంటుంటిమి. అంత అవసరం పడలె. నేను పోలీసు అయితనని అనుకున్న, అంతే. ఒక్క పూటల మా ఇంటి పరువు, మా అక్క పెండ్లి, ఒక పెద్దమనిషి పానం, అన్నిటిని ముంచినంత పని చేసిన. నవ్వేటోళ్లు ఇప్పుడే నవ్వుకోండ్రి. నడుమ నవ్వితే నాకు కోపమొస్తది.

నిజాం రాజ్యం పోయి మిలిట్రీ వచ్చిన కొత్తల సంగతి ఇది. నేను సూర్యాపేటల హైస్కూలు సదువుతున్న. అప్పట్ల మా దిక్కు ఎవ్వరికీ ఎవ్వరి మీద నమ్మకం లేదు. కొత్త మనిషి కనవడితే, అడవుల తిరిగే కమ్యూనిస్టు దళపోళ్ల మనిషని పోలీసులు అనుకునేది, పోలీసుల మనిషని దళపోళ్లు అనుకునేది. మేమైతే ఇద్దరి మనిషే అనుకోని తలుపు పెట్టుకునేది. అసొంటి కాలంల పెరిగిన పోరనికి పోలీసు నౌకరి కాక ఇంకేం కలలకొస్తది చెప్పుండ్రి?

బడి ఇడవంగనే ఠాణా కాడికి ఉరుకుతుంటి. ఆడ జవాన్ల మీద ఒక జమేదారు ఉండె. మీసం పెద్దది, పని చిన్నది.

"సాబ్, పోలీసు కావాలంటే ఏం కావాలె?"

"లాఠీ గాదు బేటా, అనుమానం కావాలె. కన్నతండ్రిని గుడ నమ్మొద్దు. పో, జర బీడీలు పట్టుకరా."

"బీడీలు తెచ్చుడు గుడ ట్రైనింగేనా సాబ్?"

"తెచ్చేటప్పుడు దుకాణపాయనను అనుమానించు. అప్పుడు ట్రైనింగే."

ఇగ సూడుండ్రి నా ట్రైనింగు. ఇంట్ల అమ్మను పట్టుకున్న.

"ఉట్టి మీది వెన్న ఏమైంది?"

"నువ్వే తిన్నవ్ గదరా!"

"సాక్షి ఎవరు?"

సాక్షి వచ్చింది, గరిటె రూపంల. మా నాయినను గుడ ఇడవలె. "నిన్న పొద్దుగూకిందాక ఏడ ఉన్నవ్?" అని నిలదీసిన. నాయిన నోటితోటి చెప్పలె, చెప్పుతోటి చెప్పిండు. గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నట్టు అంటరు. మా గల్లీల ఎవ్వరూ తడుముకోకపోతే నేనే పోయి వాళ్ల భుజాలు తడిమి సూస్తుంటి.

గిదంతా ఒక ఎత్తు, మా అక్క సంగతి ఒక ఎత్తు. మా సత్తక్కకు సంబంధాలు కుదిరినట్టే కుదిరి తప్పిపోతుండె. ఒక పిల్లగాని ఇంటోళ్లు గడబిడలకు భయపడి ఊరే ఇడిసిపెట్టి పోయిండ్రు. ఇంకొకడు దళంల కలిసిండు. ఆఖరుకు మిర్యాలగూడ టపాఖానల, అంటే పోస్టాఫీసుల, నౌకరి చేసే పిల్లగాడున్నడని తెలిసింది. తల్లితండ్రి లేరు, కోదాడల మేనమామ పెంచిండు. ఆ మేనమామకు మా నాయిన కబురు పంపితే, "ఆలోచించి చెప్తాం" అని తిరుగు కబురొచ్చింది. ఇది గుడ తప్పితే పిల్ల జాతకంలనే ఏదో ఉన్నదని ఊరంత అంటదని మా అమ్మ ఏడవని దినం లేదు. అక్క మాత్రం ఏడుస్తలేదు. ఏడిస్తే నేను సాక్షిని అడుగుతనని భయమట.

ఆ దినం బడికి సెలవు. మా గల్లీల ఒక కొత్త మనిషి దిగిండు. తెల్ల ధోతి, భుజాన సంచి, ఎండ లేకున్నా వాన లేకున్నా చేతిల గొడుగు. సాకలి లచ్చమ్మ బట్టలు మూట కడుతుంటే ఆమె పక్కన కూసోని మా ఇంటి దిక్కు వేలు సూపిచ్చి అడుగుతున్నడు.

"ఆ ఇంటోళ్లు ఎట్లాంటోళ్లమ్మా? లోపల గొడవలేమన్నా ఉన్నాయా?"

నేను గోడ సాటుకు పోయిన. ఆయన ఆడికెళ్లి లేసి కిరాణం దుకాణానికి పోయిండు. "ఆ పెద్దాయన రాత్రిళ్లు ఇంట్లోనే ఉంటాడా, ఎక్కడికన్నా పోతుంటాడా?" ఆడికెళ్లి చేదబాయి కాడికి. నీళ్లు చేదే ఆడోళ్లను అడుగుతున్నడు, "ఆ అమ్మాయి గొంతు పెద్దదా?"

మా అక్క గొంతుతోటి వీనికేం పని? ఎత్తుకపోతే అరుస్తదో లేదో సూసుకుంటున్నడు, దొంగ! నా నెత్తురు ఉడుకుతున్నది. అప్పుడే ఆయన సక్కగ నా కాడికే వచ్చిండు.

"బాబూ, ఆ ఇంట్లో పాలిచ్చే గేదెలు ఎన్ని?"

గేదెలు! మా ఊర్ల పుట్టినోడు బర్రె అంటడు. గేదె అన్నడంటే ఆంధ్రా దిక్కు గాలి తాకినోడే. ఆ కాలంల బెజవాడ దిక్కు నుంచి వచ్చిన కాకిని గుడ పోలీసులు పేరడిగి పంపుతుండె.

"మీదే ఊరు?" అన్న, మీసం లేని మూతి మీద చెయ్యేసుకోని.

"ఇటు పక్కనే."

"ఏం పని మీద వచ్చిండ్రు?"

"ఊరికే, పోతూ పోతూ ఆగాను."

మీకు సమజైంది గదా? నాకు గాలె. నేను ఠాణాకు ఉరికిన.

జమేదారు, ఇద్దరు జవాన్లు వచ్చి ఆయనను రెక్క పట్టి తీస్కపోయిండ్రు. నేను ముంగట నడుస్తున్న, బోనాల ముంగట పోతరాజు లెక్క. ఠాణాల కూసోబెట్టి అడిగిండ్రు.

"ఊరు?"

"కోదాడండీ."

కోదాడ అన్నడు. నా చెవుల పడ్డది. కాని నేను అప్పటికే గోడకున్న టోపి నా తలకు పడతదా లేదా అని సూస్తున్న, ఏం ఎక్కలె.

"ఏం పని మీద వచ్చినవ్?"

"అది చెప్పేది కాదండీ."

"చెప్పేది కాదా! దళపోళ్లకు కబుర్లు మోస్తున్నవా?"

"దేవుని మీద ఒట్టు, అట్లాంటి పని కాదు. ఒక ఇంటి పరువండీ. నా నోటితో చెప్పను."

జమేదారు సంచి తనిఖీ చేసిండు. సంచిల పులిహోర ఉన్నది. తనిఖీ అంటే మొత్తం తిన్నడు. "ఏం దొరకలె" అని మూతి తుడుసుకున్నడు. "పొద్దుగూకే లోపట నోరు ఇప్పు. లేకుంటే మిలిట్రీ క్యాంపుకు పంపుత."

క్యాంపుకు పోయినోళ్లు ఎట్ల తిరిగొస్తరో మా ఊర్ల పసిపిల్లలకు గుడ ఎరికే. ఇడిసిపెట్టుండ్రి సాబ్ అందామనుకున్న. కాని జమేదారు నా ఈపు తట్టి, "శభాష్! నువ్వు నాకన్న పెద్ద అమీన్ సాబ్ అయితవ్ బేటా" అన్నడు. ఇగ ఇడుసుడు లేదు, గిడుసుడు లేదు.

ఇంటికొచ్చి బువ్వ తినుకుంట చెప్పిన, "నేను ఒకన్ని పట్టిచ్చిన!"

"ఎవన్ని రా?" అన్నడు నాయిన.

"కోదాడోడట. మన ఇంటి గురించి గల్లీ అంత అడుగుతున్నడు. మన బర్రెలను గేదెలంటున్నడు. అక్క గొంతు పెద్దదా అని గుడ అడిగిండు!"

నాయిన చేతిల ముద్ద చేతిలనే ఆగింది. అమ్మ గరిటె ఎత్తుకోని నా మీదికొచ్చింది.

"ఓరి నా కడుపుల పుట్టిన శనీ! సంబంధం కలుపుకునేటోళ్లు ముందుగాల చెప్పకుండ వచ్చి, సాకలోళ్లను, దుకాణపోళ్లను ఆరా తీసిపోతరురా! పేరు చెప్పరు, పని చెప్పరు. రేపు కుదరకపోతే పిల్ల పేరు నలుగురి నోట్ల పడొద్దని. నీ అక్క కోసమే నోరు కట్టుకోని కూసున్నడురా ఆయన!"

నేను బువ్వ ఇడిసిపెట్టి లేసిన. "పోయి ఇడిపిద్దాం నాయినా" అన్న.

"ఏమని? మా వియ్యంకుడని చెప్పాలెనా? ఆయన ఇంకా అవునన్లె. ఠాణాల ఒక్కసారి అన్నమంటే పేట అంత తెలుస్తది. తర్వాత ఆయన వద్దన్నడనుకో, నీ అక్కను ఎవడు చేసుకుంటడు?"

అప్పుడు అక్క లేసింది. ఆయనకని చల్ల ముంత చేతిల వట్టుకున్నది. "మనిషి పానం పోతుంటే నా పేరేందే నాయినా" అని బయలెల్లింది. ఎనక నాయిన, ఆ ఎనక నేను. నాల ఇప్పుడు ఆ పోతరాజు లేడు.

ఠాణాల అక్క జమేదారు ముంగట సక్కగ నిలవడ్డది. "సాబ్, ఈయన మా మామ. మా ఇంటికే వచ్చిండు. మా తమ్ముడు తిక్కోడు, గుర్తువట్టలె."

జమేదారు కండ్లు సిన్నగ చేసి ఆయన దిక్కు తిరిగిండు. "నిజమేనా? ఈ పిల్ల నీకేమైతది?"

ఆయన అక్కను సూసిండు. ఆయన కాదంటే అక్క బతుకు ఆడనే ఖతం.

"కోడలండీ" అన్నడాయన. "నా మేనల్లుడి భార్య కాబోయేది." అని ఆ చల్ల తీసుకోని గటగట తాగిండు.

మా నాయిన ఏడ్చిండు. నేను గుడ ఏడ్చిన, కాని అది జమేదారు నా చెవి మెలేసినందుకు.

బయటికొచ్చినంక నాయిన ఆయన కాళ్ల మీద పడవోయిండు. ఆయన పట్టుకోని లేపిండు.

"గొంతు పెద్దదా అని ఊరంతా అడిగాను బావగారూ. ఎంత పెద్దదో, ఎప్పుడు పెద్దదో ఇప్పుడు తెలిసింది. ఇక అడిగేది లేదు, మీరు కట్నం పెట్టేది లేదు. ఒక్కటే షరతు."

"చెప్పుండ్రి, పానమైనా ఇస్త."

ఆయన గొడుగుకొన నా దిక్కు తిప్పిండు. "వీడు పోలీసు కాకూడదు. నాకింకా ముగ్గురు మేనల్లుళ్లున్నారు, ఊళ్లు తిరిగి ఆరా తీయాల్సినవాణ్ణి."

మాట నోటితో అంటే నమ్మలె ఆయన. నాకన్న అనుమానపోడు! పెండ్లి దినం బాజాలు ఆపిచ్చి, అయ్యగారి పక్కన నిలబెట్టి, చేతిల అచ్చింతలు పోసి, ప్రమాణం చేయించినంకనే పుస్తె కట్టనిచ్చిండు. సుట్టాలంత నవ్వుతుంటే, అగ్గి సాక్షిగ నేను చేసిన ప్రమాణం ఇదీ:

"నేను పోలీసుల చేరను. చేరినా ఎవ్వర్ని అనుమానించను. అనుమానించినా పట్టుకోను. పట్టుకున్నా, ఈయన మనకు ఏమైతడే అని మా అక్కను అడిగినంకనే ఠాణాకు తీస్కపోత."