సంచిలో ఏమున్నది?

మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే బస్సు నేరేడుచర్లలో కాసేపు ఆగింది. పక్క సీట్లో ఉన్న పెద్దాయనతో, "కాకా, జర నా సంచి సూస్తుండు, ఛాయ్ తాగొస్త," అన్నాను.

"సంచిల ఏమున్నది?" అని అడిగాడాయన.

నాకు ఒళ్లు మండింది. అది గమనించి నవ్వాడు.

"కోపం చెయ్యకు తమ్మీ. మాది కాలువ చివరి ఊరు. ఒకేడు పొట్టకొచ్చిన వరి ఎండుతుంటే, మా వంతు రాకముందే తూము ఎత్తాలని నలుగురం అనుకున్నం. ఎవరన్న వస్తరేమో సూస్తుండమని నన్ను కట్ట మీద నిలబెట్టిన్రు. మావోళ్లల్ల ఒకని సంచిల ఇనుప రాడ్ ఉన్నదట. ఏమున్నదని నేను అడగలే. కాలువ కాసే లస్కర్ అడ్డమొస్తే, వాడు గా రాడ్‌తోని ఆయన తల పగలగొట్టిండు. నేను చెయ్యన్న ఎత్తలే. అయినా, కలిసి అనుకొని పోయినంక దెబ్బ అందరిదీ అన్నరు కోర్టుల. జైలు గూడ అందరికీ పడ్డది."

"మరి లస్కర్?"

"బతికిండు! నాకు గదే సంబురం. ఇప్పుడు నేను కనవడితే ఆయనే ఛాయ్‌కి పిలుస్తడు."

నేను జిప్పు తీసి చూపించాను. రెండు జతల బట్టలు, మా అక్క పెట్టిన మామిడికాయ తొక్కు సీసా. ఆయన సంచిని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

"ఇగ నిమ్మళంగ తాగిరా పో."

ఇప్పటికీ బస్సులో ఎవరికైనా సంచి అప్పగించాల్సి వస్తే, వాళ్లు అడగకపోయినా, ముందు జిప్పు తీసి చూపిస్తాను.