గంటకో బస్సు

కారు రిపేరుకి ఇవ్వడంతో ఆ వారమంతా నాకు బస్సే గతయింది. ఒహాయోలో నేనుండేది పెద్దదీ కాని, చిన్నదీ కాని ఊరు. బస్సు గంటకొకటే. స్టాపులో గజం నీడ లేదు. ఆ సాయంత్రం ఎండలో నలభై నిమిషాలు నిలబడి, బస్సెక్కగానే ఇర్వింగ్‌లో ఉండే మా బావమరిదికి ఫోన్ చేశాను.

"ఇదీ ఒక ఊరేనా? కారు లేకపోతే ఇక్కడ మనిషి లెక్కలోకే రాడు," అంటూ ఇరవై నిమిషాలు తిట్టి ఫోన్ పెట్టేశాను.

ముందు సీట్లోని అమ్మాయి వెనక్కి తిరిగింది. ఇరవై ఏళ్ళుంటాయేమో.

"అంకుల్, నాకు తెలుగు వస్తుంది. ఇది మా ఊరు. నేను ఇక్కడే పుట్టాను," అంది అమెరికన్ యాసలో.

నాకు తల కొట్టేసినట్టయింది. "సారీ అమ్మా, ఏదో చిరాకులో..."

"నో, మీరు చెప్పింది అంతా కరెక్టే. బట్ ఫోన్‌లో చెప్తే ఏం అవుతుంది? నేను సిటీ కౌన్సిల్‌కి వెళ్తున్నా, బస్ గురించి కంప్లైంట్ చేయడానికి. ఎవరికైనా మాట్లాడడానికి త్రీ మినిట్స్ ఇస్తారు. మీరు కూడా రండి."

ఇంట్లో పనుందన్నాను. నిజానికి ఏ పనీ లేదు. ఆ అమ్మాయి తలూపి, తరువాతి స్టాపులో దిగిపోయింది.

మరుసటి నెల కౌన్సిల్ మీటింగుకి వెళ్ళాను. ఆ అమ్మాయి కనబడలేదు. నా పేరు పిలిస్తే మైకు ముందు నిలబడ్డాను. ఎన్నాళ్ళ కోపమో, ఏది ముందు చెప్పాలో తోచలేదు. మూడు నిమిషాల్లో రెండున్నర దానికే పోయాయి. మిగిలిన అర నిమిషంలో, మా ఊరికి ఇంకో బస్సు కావాలన్నాను.